మేనేజ్‌మెంట్ ఇంజిన్ వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ వారి దివ్య సముఖానికి, కోర్‌బూట్ వాడుకరి ఒకడు నమస్కరించి చేసుకునే విన్నపం.

ఇంటెల్ కంప్యూటర్ల లోపల విడిగా నడిచే చిన్న కంప్యూటరైన తమరు ప్రాసెసర్ కంటే ముందే మేల్కొంటారనీ, కంప్యూటర్‌ను ఆపేసినా ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ తమ కన్ను మూతపడదనీ తెలిసి ఎంతో ధైర్యం కలిగింది. 1999లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో లినక్స్‌బయోస్‌గా పుట్టి, 2008లో కోర్‌బూట్‌గా పేరు మార్చుకున్న ఫర్మ్‌వేర్‌ను, అంటే కంప్యూటర్‌ను మేల్కొలిపే తొలి ప్రోగ్రామును, దాని కోడ్‌లో ప్రతి వరుసా చదువుకోవచ్చునన్న ఆశతో నేను ఫ్లాష్ చిప్‌లోకి ఎక్కించుకున్నాను. ర్యామ్ ఇంకా సిద్ధం కాని ఆ తొలి క్షణాల్లో అది ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌నే తాత్కాలిక ర్యామ్‌గా వాడుకుని, అసలు ర్యామ్‌ను పనిలోకి దింపి, పరికరాలను లెక్కబెట్టి, వాటి వివరాలు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే ఏసీపీఐ పట్టికలు రాసి, ఆ సిస్టమ్‌ను లోడ్ చేసే సీబయోస్‌కో గ్రబ్‌కో పగ్గాలు అప్పగిస్తుంది. ఆ పట్టికల్లో ఉన్నదే హార్డ్‌వేరని పాపం లినక్స్ నమ్ముతుంది.

ఇదంతా జరిగేది చిప్‌లో తమరు వదిలిపెట్టిన భాగంలోనే సుమండీ. ఇల్లు నాది, పడమటింటి తాళం తమది. చిప్‌లో తమ ఫర్మ్‌వేర్ ఉన్న ఆ గదిని పూర్తిగా తుడిచేస్తే 30 నిమిషాలు ఓపిక పట్టి, ఆ తరువాత యంత్రాన్నే ఆపేసేంత దయ తమది. కొత్త ప్రాసెసర్లలోనైతే ర్యామ్‌ను సిద్ధం చేసే పని కూడా తమ కంపెనీ వారే కోడ్ చూపించని ఎఫ్‌ఎస్‌పీ అనే బైనరీకి ఒప్పజెప్పి, మా శ్రమ తగ్గించారు. తయారీదారు, తాను సంతకం చేయని ఫర్మ్‌వేర్‌ను అడ్డుకునే బూట్ గార్డ్ తాళాన్ని ఫ్యూజుల్లో శాశ్వతంగా కాల్చి పంపిన బోర్డుల్లో ఆ కాస్త శ్రమ కూడా లేదు, కోర్‌బూట్‌కు ప్రవేశమే లేదు గనుక.

ఇంత కట్టుదిట్టం మా భద్రత కోసమే అయి ఉండాలి. తమ మీద నడుస్తూ, కంప్యూటర్‌ను దూరం నుంచి అదుపు చేయనిచ్చే ఏఎంటీలో, పాస్‌వర్డుకు బదులు ఖాళీ సమాధానం పంపినవారికి కూడా తలుపు తెరుచుకునేదని 2017లో బయటపడ్డప్పుడు ఆ నమ్మకం మరింత బలపడింది. తమ లోపల నడుస్తున్నది తాను రాసిన మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అని ప్రొఫెసర్ టానెన్‌బామ్ గారికి తెలిసిందీ ఆ ఏడాదే. ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని ఆయన బహిరంగంగానే రాశారు. తమరిని నిద్రపుచ్చే బిట్ ఒకటి ఉందనీ, అది అమెరికా ప్రభుత్వ భద్రతా కార్యక్రమం కోసం పెట్టినదనీ పరిశోధకులు కనిపెట్టిందీ అప్పుడే. ప్రభుత్వానికి అక్కరలేని రక్షణను మాకు మాత్రం విడవకుండా అందిస్తున్న తమ ఔదార్యాన్ని ఏమని పొగడను?

కోరేది ఒక్కటే. ఆ బిట్‌ను సెటప్ మెనూలో అందరికీ కనిపించేలా పెట్టించండి. అది కుదరకపోతే ఆ 30 నిమిషాల గడువునైనా గంటకు పెంచండి. నా పాత యంత్రంలో లినక్స్ కర్నల్ కంపైల్ కావడానికి అరగంట చాలడం లేదు.

ఇట్లు,
తమ కటాక్షం మీద బూట్ అవుతున్న ఒక విధేయుడు