అదెలాయిదె చావుకు 'ఈర్ష్య' అనే పేరు సరిపోదు

ఇటలీ దర్శకుడు ఎత్తోరె స్కోలా 1970లో తీసిన 'ద్రామ్మా దెల్లా జెలోజియా' సినిమాను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశాను. నవ్వించే సన్నివేశాలు ఇప్పటికీ నవ్విస్తున్నాయి గానీ, ఆ పేరు మాత్రం ఈసారి మింగుడు పడలేదు. 'ఈర్ష్యా నాటకం, పూర్తి వివరాలు వార్తల్లో' అని దాని పూర్తి పేరుకు అర్థం.

రోము నగరంలో తాపీపని చేసుకునే కమ్యూనిస్టు ఒరెస్తె, శ్మశానం దగ్గర పూలమ్మే అదెలాయిదె, పిజ్జాలు కాల్చే నెల్లో, ఈ ముగ్గురి కథ ఇది. ఇద్దరినీ ప్రేమించి ఎవరినీ వదులుకోలేకపోయిన అదెలాయిదె చివరికి ఒక పెనుగులాటలో ఒరెస్తె చేతి కత్తెర దిగి చనిపోతుంది.

ఈ సినిమాలో ఏమాత్రం పాతబడనిది దాని భాష. స్కోలాతో కలిసి రచయితలు ఆజె, స్కార్పెల్లి రాసిన సంభాషణల్లో ఈ పేదవాళ్లు తమ ప్రేమను తమ మాటల్లో చెప్పుకోలేక, పత్రికల నుంచీ చవక ప్రేమకథల నుంచీ అరువు తెచ్చుకున్న గంభీరమైన మాటల్లో చెప్పుకుంటారు. చెత్త పేరుకుపోయిన సముద్రతీరంలో ప్రేమికులు కూర్చోవడం, తన గుండెకోతకూ వర్గపోరాటానికీ సంబంధం ఏమైనా ఉందా అని ఒరెస్తె పార్టీ మనిషిని అమాయకంగా అడగడం నన్ను ఇప్పటికీ కదిలిస్తాయి. పేదవాడి దుఃఖాన్ని వెక్కిరించకుండా నవ్వు పుట్టించడం ఎంతో కష్టమైన పని, స్కోలా దాన్ని సాధించాడు.

అయితే ఆ కాలపు ఇటలీని మరిచిపోయి ఈ కథను చూడలేం. ఒరెస్తె అప్పటికే పెళ్లయినవాడు. విడాకుల చట్టం ఆ ఏడాది డిసెంబరులో గానీ రాలేదు. పరువు పేరుతో భార్యనో కూతురినో చెల్లెలినో చంపినవాడికి శిక్ష తగ్గించే ఇటలీ శిక్షాస్మృతి 587వ అధికరణ 1981 దాకా కొనసాగింది. ఒరెస్తె ఆమె భర్త కాడు కాబట్టి ఆ అధికరణ అతనికి వర్తించదు, కానీ చంపినవాడి బాధను ముందుగా అర్థం చేసుకోవాలనే ఆనాటి అలవాటు ఈ సినిమా నిండా ఉంది. మన పత్రికలు కూడా ఇలాంటి హత్యలను 'ప్రేమ వ్యవహారం' అని రాసిన రోజులు మనకు గుర్తే, ఇప్పటికీ రాసేవాళ్లున్నారు.

ఒరెస్తెగా నటించిన మార్చెల్లో మస్త్రొయాన్ని ఆ పాత్రకు కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. ఆ గౌరవానికి అతను అర్హుడే. అయినా నా దృష్టిలో ఈ సినిమా అదెలాయిదెగా నటించిన మోనికా వీత్తిది. అదెలాయిదె చనిపోయిందని మొదటి నుంచీ మనకు తెలుసు, అయినా మిగతా పాత్రలతో సమానంగా ఆమె కూడా నేరుగా మనవైపు తిరిగి తన వాంగ్మూలం తాను చెప్పుకుంటుంది. తన మనసు రెండుగా చీలిందని చెప్పేటప్పుడు వీత్తి ముఖంలో సిగ్గు లేదు, తనకే అర్థం కాని ఆశ్చర్యం ఉంది. ఆ గొంతు వల్లనే నేను ఈ సినిమాను వదులుకోలేకపోతున్నాను.

శిక్ష అనుభవించి బయటికి వచ్చిన ఒరెస్తె, మతి చలించి, ఆమె తన పక్కనే ఉన్నట్టు మాట్లాడుకుంటూ వీధిలో నడుస్తాడు. ఇదివరకు అక్కడ అతనికోసం కంటతడి పెట్టుకున్నాను. ఈసారి అతని పక్కనున్న ఖాళీనే చూస్తూ ఉండిపోయాను.