చెట్టు మీద కేసు

మేం అద్దెకుంటున్నది విజయవాడలో ఒక పాత డాబా ఇంటి పై వాటాలో. గేటు తీయగానే పెద్ద మామిడి చెట్టు, దాని కింద ఇంటివాళ్ల ఎర్ర కారు. కొని నాలుగు నెలలైంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వరు. ఎల్లుండి ఉగాది అనగా ఆదివారం పొద్దున్నే నేను మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటే కింద మొదలైంది. మర్యాదగా లోపలికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

ఆయన: వరలక్ష్మీ! కత్తి ఎక్కడ పెట్టావ్?

ఆవిడ: ఏ కత్తండీ? కూరగాయలదా?

ఆయన: కూరగాయల కత్తితో చెట్టు కొడతారా ఎవరైనా? కొబ్బరి బోండాలు కొట్టేది.

ఆవిడ: పొద్దున్నే చెట్టు ఏం చేసింది మిమ్మల్ని?

ఆయన: ఇటు రా, వచ్చి చూడు. ఊరికే చూడ్డం కాదు, చెయ్యి పెట్టు. అంటుకుందా? టాప్ మీద, అద్దం మీద, డిక్కీ మీద, ఎక్కడ ముట్టుకున్నా జీళ్ల పాకం ఒలికినట్టుంది. వరం, నాలుగు నెలల కారు ఇది, నలభై ఏళ్ల బస్సు కాదు. నీ చెట్టు దీన్ని బతకనిచ్చేలా లేదు.

ఆవిడ: నా చెట్టు ఎప్పుడైంది? కాయలు ఆఫీసుకి సంచీలో వేసుకెళ్లేటప్పుడు "మా ఇంటి చెట్టు రసాలండీ" అంటారుగా.

ఆయన: నూజివీడు నుంచి అంటు తెచ్చి పాతింది ఎవరు? మీ నాన్నగారు.

ఆవిడ: పాతింది మా నాన్నగారే. దాని కింద కారు పెట్టమన్నది కూడా ఆయనేనా?

ఆయన: మరి ఎండలో పెట్టనా? మధ్యాహ్నం స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులు కాలిపోతున్నాయి.

ఆవిడ: అంటే నీడ కావాలి, చెట్టు మాత్రం వద్దు.

ఆయన: జిగురు కార్చే చెట్టు వద్దంటున్నా.

ఆవిడ: వీధి చివర వేప చెట్టు కింద పెట్టుకోండి మరి. బంక గడ్డకట్టిందంటే నానబెడితే గానీ రాదు. కాకులు అదనం.

ఆయన: మాట మార్చకు. ఈ జిగురు సంగతి చెప్పు.

ఆవిడ: చెప్పేది వింటే కదా. ఇది చెట్టు కార్చింది కాదండీ, తేనెమంచు. పూతలో చిన్న చిన్న పురుగులుంటాయి, బియ్యపుగింజంత, కొమ్మ కదిపితే చిటపటలాడుతూ ఎగురుతాయి. పూతలోదీ లేతాకులోదీ రసం పొద్దస్తమానం పీలుస్తూనే ఉంటాయి, ఒంటికి పట్టినంత పట్టగా మిగిలింది కిందికి వదిలేస్తాయి. ఆ సీజన్లో చెట్టు కింద మంచం వేసినా ఇంతే, మంచం అంటుకుంటుంది.

ఆయన: వదిలేస్తాయి అంటే?

ఆవిడ: వదిలేస్తాయి అంటే అదే.

ఆయన: అదే అంటే?

ఆవిడ: ఇంకెలా చెప్పమంటారు?

ఆయన: ...నేను వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని చూశానే! తియ్యగా ఉందే!

ఆవిడ: ఉంటుంది మరి, చక్కెర కదా. చీమలు ఊరికే వస్తున్నాయా?

(ఇక్కడ ఆయన కుళాయి దగ్గరికి వెళ్లి మూడుసార్లు పుక్కిలించి వచ్చారు.)

ఆయన: మరి ఈ నల్లటిది? రోడ్డు మీద లారీల పొగ అనుకున్నాను.

ఆవిడ: మసి మంగు. ఆ తీపి మీదే బూజు పట్టి నల్లబడుతుంది. ఆకుల మీద కూడా ఉంది చూడండి. పూత మొదలవగానే వేపనూనె కొట్టిద్దామని అన్నానా లేదా? మందు కొట్టే అతను మూడొందలు అడిగాడని గేటు దగ్గర్నుంచే పంపించేశారు.

ఆయన: మూడొందలంటే మాటలా?

ఆవిడ: ఇప్పుడు పాలిష్ కొట్టేవాడు ఎంతడుగుతాడో కనుక్కోండి. అది సరే, ఈ డ్రైవర్ వైపు తలుపు మీద గీతలేంటి?

ఆయన: ఏ గీతలు?

ఆవిడ: గుండ్రంగా, అంట్లు తోమినట్టు. రాత్రి నుంచీ నా గిన్నెల పీచు కనబడట్లేదు.

ఆయన: మెల్లిగానే రుద్దాను.

ఆవిడ: స్టీలు పీచుతోనా!

ఆయన: రుద్దకూడదని తర్వాత తెలిసింది. ఫోన్లో వీడియో చూశాను. రంగు మీద క్లియర్‌కోట్ అని ఒక పొర ఉంటుందిట, యాభై మైక్రాన్లకి అటూ ఇటూ, అంటే మన తలవెంట్రుక కన్నా పల్చన. కారుకి మెరుపు దానివల్లే. అది గీసుకుపోతే...

ఆవిడ: వీడియో రుద్దాక చూశారా, రుద్దకముందా?

ఆయన: తర్వాత అని చెప్పానుగా.

ఆవిడ: ముందు చూసేవాళ్లు ఈ ఇంట్లో ఎప్పుడైనా ఉన్నారా అని అడిగాను. సరే, జరగండి. ఎండ మీద పడకముందే కానిద్దాం, రేకు కాలుతుంటే సబ్బునీళ్లు అలాగే ఎండి అదో రకం మచ్చ. గోరువెచ్చని నీళ్లు తెస్తాను, కారు షాంపూ వెయ్యండి, మెత్తటి గుడ్డ పట్టండి. రుద్దొద్దు, తడిగుడ్డ ఐదు నిమిషాలు కప్పి ఉంచండి, చక్కెర దానంతటదే కరుగుతుంది.

నిజంగానే కరిగింది. పావుగంటలో టాప్ మీద కొబ్బరాకుల నీడ కనిపించింది. నా బండి సీటు కూడా నెల రోజులుగా అలాగే అంటుకుంటోంది, నేనేమో పక్కింటి పిల్లాడు ఐస్‌క్రీమ్ పూశాడనుకుని వాడితో మాట్లాడ్డం మానేశాను. ఆ సంగతి తర్వాత చూసుకోవాలి.

ఆయన: టాప్ పోయింది. అద్దం పోయింది. బానెట్ మీద చుక్కలు మాత్రం పోవట్లేదు. ఇదిగో, గోధుమరంగులో, చుట్టూ ఉంగరం కట్టినట్టు. అమ్మాయి గోళ్ల రంగు తుడిచే సీసా తెచ్చాను, దీంతో...

ఆవిడ: ఇటివ్వండది! గోళ్ల రంగు తీసేది కారు రంగు తియ్యదా? ఏదీ, చూడనివ్వండి. ఇది తేనెమంచు కాదు. సొన.

ఆయన: రెండూ జిగురేగా?

ఆవిడ: రెండూ ఒకటెలా అవుతాయండీ? అది పురుగుది, ఇది కాయది. తొడిమ తుంచగానే చిమ్ముతుందే, అది. నూనెజిడ్డు, ఘాటు, ఉత్త నీళ్లకి లొంగదు. పెదవికి తగిలితే పుండు పడుతుంది, మీ రంగుకి పడదా? మా నాన్నగారు తోటలో కాయ కోయించేటప్పుడు ఎవర్నీ తొడిమ మొదలంటా తుంచనిచ్చేవారు కాదు, రెండంగుళాలు ఉంచి కోసి, తర్వాత తుంచి, కాయని తలకిందులుగా పెట్టించేవారు, సొన కాయ మీద పడకుండా. చుక్క పడితే కాయే నల్లబడుతుంది.

ఆయన: ఆగాగు. మళ్లీ చెప్పు. కాయ తెంపితేనే చిమ్ముతుంది.

ఆవిడ: తెంపితేనే.

ఆయన: చెట్టు మానాన చెట్టు ఉంటే ఇలా ఇన్ని చుక్కలు పడవు.

ఆవిడ: పడవు.

ఆయన: శుక్రవారం సాయంత్రం నేనే తుడిచాను, అప్పుడీ చుక్కల్లేవు. నిన్న బస్సులో వెళ్లాను. నేనైతే కాయ కొయ్యలేదు.

ఆవిడ: (బకెట్లో నీళ్లు కలుపుతూ) ఉడతలుంటాయి.

ఆయన: ఉడతలు అటక మీంచి కాయలు కోసే చిక్కం దించుకుని, పని అయ్యాక గోడకి ఆనించి పోతాయా?

(చిక్కం నిజంగానే గోడకుంది. నాకూ కనిపిస్తోంది. నిన్న మధ్యాహ్నం ఆవిడ చేతిలో ఉండగా కూడా చూశాను, కానీ అద్దెకున్నవాళ్లం, మనకెందుకు.)

ఆవిడ: ఎదురింటి పిన్నిగారు పప్పులోకి రెండు కాయలడిగారు. పండగ ముందు లేదనగలమా?

ఆయన: రెండు కాయలకి ఇన్ని చుక్కలా?

ఆవిడ: ఆరు.

ఆయన: ఆరా!

ఆవిడ: పిన్నిగారికి ఇస్తుంటే పక్కింటావిడ చూసింది. చూశాక ఇవ్వకపోతే బాగుంటుందా?

ఆయన: అరగంట నుంచీ పురుగులని, బూజని, క్లాసు పీకావు. నేను నిజంగానే సిగ్గుపడ్డాను కూడా!

ఆవిడ: టాప్ మీదది పురుగులదే కదా. అందులో అబద్ధమేముంది? మీరు తుడిచేది తుడవండి. కొబ్బరినూనె రాసి కాసేపు నానబెడితే...

ఆయన: అక్కర్లేదు. స్పిరిట్ పెట్టాలిట, వీడియోలో చెప్పాడు. శానిటైజర్ చాలు, మందం జెల్ కాదు, నీళ్లలా ఉండేది. 2020లో ఐదు లీటర్ల క్యాన్ కొన్నప్పుడు ఏమన్నావ్? "స్నానం చేస్తారా దీంతో" అన్నావ్. దించు అటక మీంచి.

ముందు తలుపు అడుగున కనబడనిచోట రాసి చూశారు, రంగు దిగలేదు. తర్వాత గుడ్డ తడిపి ఒక్కో చుక్క మీద అర నిమిషం అదిమి, మెల్లిగా తుడిచి, వెంటనే నీళ్లతో కడిగారు. పదకొండు చుక్కల్లో ఎనిమిది పోయాయి, మూడింటి చోట ఉంగరం సన్నగా నిలిచింది. ఆ మూడూ ఎవరి ఖాతాలో వెయ్యాలనే దాని మీద ఇంకో పది నిమిషాలు నడిచింది. పిన్నిగారి ఖాతాలో వేశారు. ఆఖర్న వ్యాక్స్ రాసి, ఆయన రెండడుగులు వెనక్కి వేసి కారుని చూసుకుంటుంటే...

ఆవిడ: ఉగాది పచ్చడికి రెండు కాయలు కావాలి.

ఆయన: బజార్లో కొందాం.

ఆవిడ: ఇంట్లో చెట్టు పెట్టుకుని బజార్లోనా? కారు అవతలికి తియ్యండి.

ఆయన: ఇప్పుడే వ్యాక్స్ రాశాను, రోడ్డు మీదికి తీస్తే దుమ్మంతా దీనిమీదే. ఏదైనా కప్పుతానుండు. నువ్వు కొయ్యి, తొడిమతో కొయ్యి.

ఆవిడ: చిక్కంతో లాగితే తొడిమ ఉంటుందా ఊడుతుందా నా చేతిలో ఉందా? గట్టిగా ఉండేది కప్పండి.

లోపలికి వెళ్లి తెచ్చారు, నాలుగు మూలలూ సర్ది, బానెట్ మొత్తం కప్పారు. ఆవిడ తల పైకెత్తి రెండు కాయలు లాగింది, చేతిలో చిక్కం ఉందిగా అని ఇంకో నాలుగు. కిందికి చూసింది.

ఆవిడ: ఏమండీ. ఇదెక్కడిది?

ఆయన: బీరువాలో పైన ఉంది. మెత్తగా ఉంది కదా, గీతలు పడవని...

ఆవిడ: సంక్రాంతికి మా అన్నయ్య పెట్టిన దుప్పటి. ఒక్కసారి కూడా పరవలేదు.

ఆయన: గోరువెచ్చని నీళ్లు, షాంపూ?

ఆవిడ: బట్ట మీద సొన పోదు.

ఆయన: శానిటైజర్ ఇంకా నాలుగున్నర లీటర్లుంది, వరం.