చింతగింజలతో పని ఏమిటంటే

గ్రామసభల్లో రాళ్లు, గింజలు, ముగ్గుపిండి పరచి జనం చేత నమూనాలు కట్టించడం పిల్లల ఆట అని, పటం చూపి వివరిస్తే అరగంటలో ముగిసే సంగతికి పూటంతా పోతుందని, పైగా వస్తువులు అసలు విషయాన్ని మరీ తేలిక చేస్తాయని చెప్పే సందేశమొకటి వరంగల్ ప్రాంతపు ఉపాధ్యాయుల, స్వచ్ఛంద కార్యకర్తల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మొదటి రెండు మాటలు పొరపాటు. మూడోదానిలో కొంత నిజముంది.

పిల్లల ఆట అన్నదానికి జవాబు చిన్నదే. 1953లో కేంబ్రిడ్జిలో శాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్ డీఎన్ఏలోని క్షారాలనే నాలుగు రసాయన భాగాల ఆకారాలను అట్టముక్కలుగా కత్తిరించి బల్ల మీద జరుపుతుండగానే, అడినిన్–థైమిన్ జత, గ్వానిన్–సైటోసిన్ జత ఒకే ఆకారంలో ఉన్నాయని గమనించారు. డీఎన్ఏ నిర్మాణం తేలడానికి ఆ గమనింపే కీలకమైంది.

ఇక పటం చాలునన్న మాట. హనుమకొండ జిల్లాలోని ఒక ఊళ్లో గొలుసుకట్టు చెరువుల పటాన్ని గోడకు వేలాడదీసి అరగంట వివరించింది నేనే. అందరూ తలలూపారు, ఒక్క ప్రశ్న రాలేదు. మరుసటి వారం అదే పటాన్ని నేల మీద పరిచాం: చెరువు కట్టలకు పెంకు ముక్కలు, కాలువలకు ముగ్గుపిండి, బావులకు చింతగింజలు. పూర్వం నీరటి పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు పంచే పని, చేసిన ఒక పెద్దమనిషి చాలాసేపు ఊరకే చూసి, వంగి, పై చెరువు మత్తడి (నిండిన నీరు పొర్లిపోయే చోటు) నుంచి కింది చెరువుకు నేను గీసిన ముగ్గుగీతను అరచేత్తో చెరిపేశారు. “రోడ్డు పడ్డంక ఈ నీళ్లు కిందికి పోతలేవు సారూ, పక్క వాగుల కలుస్తున్నయి” అన్నారు. ఆ వెంటనే ఒకావిడ ఆయకట్టు చివరనున్న రెండు గింజలను, అవి ఎండిన బావులంటూ, ఏరి పక్కన పెట్టింది. అవే తప్పులు గోడ మీది పటంలోనూ ఉన్నాయి. కాని సారు తెచ్చిన అచ్చుపటం మీద చెయ్యి వేయడానికి ఎవరు సాహసిస్తారు?

పూట పోతుందన్నది నిజమే, కాని ఆ పూట దిద్దుబాట్లకే పోతుంది. ఆఫీసు పనుల క్రమాన్ని ప్లాస్టిక్ బిళ్లలతో బల్ల మీద పేర్చే పద్ధతిని జర్మనీలో పోట్స్‌డామ్‌లోని హాసో ప్లాట్నర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పరీక్షించినప్పుడు, కేవలం నోటితో వివరించినవారికంటే బిళ్లలు పేర్చినవారు తమ నమూనాను ఎక్కువగా తిరిగి చూసి సరిదిద్దుకున్నారు. తలలూపించి ముగించే అరగంటలో (నా అరగంటనూ కలిపే అంటున్నాను) ఇది జరగదు.

తేలిక చేస్తాయన్న మాటను మాత్రం కొంతవరకు ఒప్పుకోవాలి. చింతగింజ బావి లోతు చెప్పదు. వానాకాలంలో మత్తడి దుంకిన చెరువు ఎండాకాలానికి నెర్రెలు బారుతుంది, పెంకు ముక్క మాత్రం అలాగే ఉంటుంది. 1949లో ఆర్థికవేత్త బిల్ ఫిలిప్స్ దేశపు ఆదాయ వ్యయాలను గొట్టాల్లో నీళ్లు పారించి, పరిమాణాలతో సహా చూపిన మాట వాస్తవమే, కాని అది నిపుణుడి యంత్రం. మేము వానాకాలానికొకటి, యాసంగికొకటి వేరువేరుగా పరిచి ఈ లోపాన్ని కొంత పూడ్చుకున్నాం. లోతులకు టేపు, మట్టాలకు లెవెల్ పరికరం ఎలాగూ కావాలి. ఆ పరికరాన్ని మేము మొదట నిలిపింది ఆ పెద్దమనిషి చెరిపిన గీత దగ్గర, రోడ్డు పక్కనే.