ఫోను సన్యాసులకు కొన్ని వినయపూర్వక సూచనలు

ఫోన్ వదిలేసి హాయిగా, సింపుల్‌గా బతుకుతానని ఎవరైనా అంటే నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదేమన్నా చిన్న త్యాగమా? పూర్వం అన్నీ వదిలేసి అడవికి పోయినవాడికి మహా అయితే పులి ఎదురయ్యేది. ఇప్పటివాడికి అడవి గేటు దగ్గరే క్యూఆర్ కోడ్ ఎదురవుతుంది, దాన్ని స్కాన్ చేస్తే తప్ప లోపలికి టికెట్ రాదు. పులినైనా చెట్టెక్కి తప్పించుకోవచ్చు. అందుకని ఈ కష్టమైన దారి పట్టినవాళ్లకు పనికొస్తాయని నాకు తోచిన నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందు ప్రకటన. ఫోన్ వదలడం తర్వాత సంగతి, వదులుతున్నట్టు అందరికీ తెలియాలి. "కొన్నాళ్లు ఇక్కడ కనిపించను, అర్థం చేసుకోండి" అని ఓ పోస్టు పెట్టి, దానికెన్ని లైకులు వచ్చాయో కూడా చూడకుండా వెళ్లిపోవడం మర్యాద కాదు, పాపం అంతమంది పనిగట్టుకుని ఏడుపు ఇమోజీలు పెట్టాక. ప్రతి కామెంటుకీ థాంక్స్ చెప్పాలి, "ఏమైంది అన్నా, అంతా ఓకేనా" అని అడిగినవాళ్లకు కాస్త వివరంగా రాయాలి, అసలు ఏమీ స్పందించని ఆప్తులెవరో గుర్తుపెట్టుకోవాలి. ఇదంతా అయ్యేసరికి మామూలు రోజుకన్నా ఎక్కువసేపే ఫోన్ పట్టుకుని ఉంటారు. ఫర్వాలేదు, దీక్ష రేపటి నుంచే కదా.

తర్వాత సరంజామా. సరళంగా బతకాలంటే వస్తువులు చాలా కావాలి. ఫోన్‌లో అలారం పోతుంది కాబట్టి ఓ గడియారం, నోట్స్ పోతాయి కాబట్టి మంచి డైరీ, అడుగుల లెక్క పోతుంది కాబట్టి చేతికి వాచీ (అదీ చార్జింగ్ పెట్టాల్సిందే, కానీ అది ఫోన్ కాదుగా). ఇక డబ్బా ఫోన్ సంగతి. 2000లో వచ్చిన నోకియా 3310ని 2017లో దుమ్ము దులిపి, పాము ఆటతో సహా మళ్లీ మార్కెట్లో పెట్టారు. దానికి ముందే 2015లో లైట్ ఫోన్ అని ఒకటి తయారుచేయడానికి జనం దగ్గర చందాలు పోగేశారు. ఆ మొదటి మోడల్ మాట్లాడటానికి తప్ప దాదాపు దేనికీ పనికిరాదు, అదే దాని గొప్ప. దాన్ని వాడే పద్ధతేమిటంటే, మీ స్మార్ట్‌ఫోన్‌కి వచ్చే కాల్స్‌ని దానికి మళ్లించుకోవడం. అంటే స్మార్ట్‌ఫోన్ వదలాలన్నా ముందు ఒక స్మార్ట్‌ఫోన్ ఉండాలన్నమాట. ఇందులో ఉన్న వేదాంతం అందరికీ బోధపడదు.

కంపెనీలు మనల్ని గాలికొదిలేశాయని అనుకుంటే అదీ తప్పే. 2018లో ఆపిల్ స్క్రీన్ టైమ్ తెచ్చింది, అదే ఏడాది గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్ తెచ్చింది. ఫోన్ ఎక్కువ చూస్తున్నానేమో తెలుసుకోవాలంటే ఫోన్ తీసి చూసుకోవచ్చు. మీరు పెట్టుకున్న గడువు అయిపోగానే ఐఫోన్ స్క్రీన్ మీద ఇసుక గడియారం బొమ్మ వస్తుంది, ఇవాళ్టికి మీ టైమ్ అయిపోయిందని గట్టిగానే చెబుతుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఆ గడువును పట్టించుకోకుండా పోయే దారి. నొక్కితే ఇంకో నిమిషమా, పదిహేను నిమిషాల తర్వాత గుర్తు చేయమంటారా, అసలు ఈ రోజుకి వదిలేయమంటారా అని అడుగుతుంది. మనల్ని ఇంత గౌరవంగా అడిగేవాళ్లు ఇంట్లో ఉన్నారా చెప్పండి.

వేలితో తోస్తున్నకొద్దీ అంతు లేకుండా వచ్చే ఆ స్క్రోల్‌ని 2006లో రూపొందించిన అజా రాస్కిన్, తర్వాత అందుకు బహిరంగంగానే బాధపడ్డాడు. ఆయన బాధ గురించిన వీడియోలు కూడా ఆ స్క్రోల్‌లోనే వస్తాయి, చూడొచ్చు.

సరళ జీవితం అనగానే అందరూ చెప్పే పెద్దమనిషి థోరో అనే రచయిత. 1845 జూలై 4న అమెరికాలో వాల్డెన్ చెరువు ఒడ్డున ఓ చిన్న గుడిసెలో మకాం పెట్టి, రెండేళ్ల పైచిలుకు అక్కడే ఉన్నాడు. స్థలం ఆయన స్నేహితుడు ఎమర్సన్‌ది. ఆ మహానుభావుడు కూడా ఒకటి రెండు రోజులకోసారి ఊళ్లోకి నడిచొచ్చి కబుర్లు వినేవాణ్ణని తనే రాసుకున్నాడు. నోటిఫికేషన్లు ఆపాడు గానీ యాప్ తీసేయలేదన్నమాట. స్నేహితుడి స్థలం అన్న ముక్క మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఎందుకంటే ఒకరు ఫోన్ వదిలేస్తే ఆ ఫోన్ ఎక్కడికీ పోదు, పక్కవాళ్ల చేతిలోకి పోతుంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి 50 మంది, ఆపైన సిబ్బంది ఉన్న కంపెనీలు, ఆఫీసు వేళలయ్యాక మెయిళ్ల జోలికి పోకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చలు జరపాలని చట్టం తెచ్చారు. మంచిదే. కానీ ఏ చట్టమూ లేకుండా డిస్‌కనెక్ట్ అయ్యే బాసులు ఎక్కడైనా ఉంటారు, అలాంటి బాస్ ఓ వారం ప్రశాంతత వెతుక్కుంటూ పోయాడంటే అసిస్టెంట్ ఆ వారమంతా చార్జర్ వెంటపెట్టుకు తిరగాలని అర్థం.

మా బావగారే ఉదాహరణ. ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు, పెట్టుకున్నట్టే ముట్టడం లేదు, నేను సాక్షిని. ఫోన్ అక్క దగ్గరుంటుంది. బావగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని పిట్టల్ని చూస్తూ, "ఏమోయ్, వాన పడుతుందేమో చూడు", "స్కోరెంతో చూసి చెప్పు", "గ్రూపులో నా గురించి ఎవరైనా అడిగారా?" అంటుంటారు. అలెక్సాకైతే మీరన్నది అర్థం కాలేదని చెప్పే స్వేచ్ఛ ఉంది, అక్కకు అదీ లేదు. బ్యాంకు ఓటీపీలు, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు మెసేజీలు, ఆయనకొచ్చే బర్త్‌డే శుభాకాంక్షలకు చేతులు జోడించే బొమ్మలు, అన్నీ ఆవిడే. దీంతోపాటు తన ఫోన్ ఎలాగూ ఉంది.

ఒక్క చిక్కల్లా ఆ ఫోన్ బావగారి మొహం చూస్తే గానీ తెరుచుకోదు. అక్క అది తెచ్చి ఎదురుగా పట్టుకుంటుంది. వ్రతం చెడుతుందని ఆయన కళ్లు మూసుకుంటారు. కళ్లు మూసుకుంటే అది తెరుచుకోదు. "ఏవండీ, ఒక్కసారి కళ్లు తెరవండి, ఓటీపీ టైమ్ అయిపోతోంది" అని అక్క. అప్పుడాయన తెరను కాకుండా, తెర పైనున్న కెమెరా చుక్కను మాత్రమే, చూపు కిందికి జారకుండా చూస్తారు. ఆ నిగ్రహం చూసి తీరాలి. ఫోన్ వదిలాక మనసెంత తేలికైందో ఆయన చెబుతుంటే అక్క టైప్ చేసి ఆయన పేరు మీదే పోస్టు కూడా పెట్టింది, మంచి స్పందన వచ్చిందట, అది చదివి వినిపించింది కూడా.

అందుకే నా ముఖ్యమైన సూచన, ఇంటికి ఒక్క సన్యాసిని మించి అనుమతించకూడదు. రెండో మనిషికీ వైరాగ్యం పుడితే వ్యవస్థ కుప్పకూలుతుంది. ఇది ఊహ కాదు, మొన్న ఆ ప్రమాదం రానే వచ్చింది. ఒక వారం నేనూ ఫోన్ లేకుండా ఎక్కడికైనా పోయొస్తానండీ అని అక్క అంది. బావగారు మొదటిసారి పిట్టల మీంచి చూపు తిప్పారు. "ఇద్దరం వదిలేస్తే ఇల్లెలా నడుస్తుందే?" అన్నారు. ఆవిడ పట్టు వదల్లేదు, బ్యాగు కూడా సర్దుకుంది. ఆయన చాలాసేపు ఆలోచించి, గొప్ప మనసుతో ఒప్పుకున్నారు.

"సరే, వెళ్తే వెళ్లు. నీ ఫోన్ లాక్ ప్యాటర్న్ ఏమిటో చెప్పి వెళ్లు."