'ఓ బ్రదర్' పాటలు ఎవరివీ కావా?

'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే హాలీవుడ్ సినిమా పాటల మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అవన్నీ 1930ల నాటి అసలు రికార్డింగులేనట, తెల్లవాళ్ళ కొండప్రాంతపు పాటలట, హీరో జార్జ్ క్లూనీ తన పాట తనే పాడాడట, జానపదాలు కాబట్టి ఎవరి సొత్తూ కావట, చచ్చిపోయిన సంగీతానికి ఈ సినిమాయే ప్రాణం పోసిందట. ఈ ఐదింట్లో ఒక్కటీ నిలబడదు.

ముందు రికార్డింగుల సంగతి. కథ జరిగేది 1937లో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో; సినిమా వచ్చింది 2000లో. ఎక్కువ పాటలు సంగీత నిర్మాత టీ బోన్ బర్నెట్ ఈ సినిమా కోసమే కొత్తగా పాడించినవి. పాతవి అసలు లేవని కాదు, హ్యారీ మెక్లింటాక్ పాడిన 'బిగ్ రాక్ క్యాండీ మౌంటెన్' 1928 నాటిదే, కానీ అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఈ పాటల్ని చాలామంది బ్లూగ్రాస్ అంటారు, తీగవాద్యాలతో సాగే ఆ బాణీ 1937కి ఇంకా పుట్టనే లేదు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరి మూడు వేళ్ళతో బాంజో అనే తీగవాద్యం వాయించడం మొదలుపెట్టాకే దానికి ఒక రూపం వచ్చింది.

క్లూనీ పాడలేదు. 'మ్యాన్ ఆఫ్ కాన్‌స్టంట్ సారో'లో గొంతు డాన్ టిమిన్స్కీది. సొంతంగా పాడింది సినిమాలో ఆయన పక్కనున్న నటుడు టిమ్ బ్లేక్ నెల్సన్, అది వేరే పాట.

తెల్లవాళ్ళ సంగీతం అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. సినిమాలో గిటార్ పట్టుకుని క్రిస్ థామస్ కింగ్ పాడేది స్కిప్ జేమ్స్ 1931లో రికార్డు చేసిన బ్లూస్, అంటే నల్లవాళ్ళ బాణీ పాట. అలిసన్ క్రాస్ పాడిన 'డౌన్ టు ద రివర్ టు ప్రే' 1867లో అచ్చయిన బానిసల పాటల సంకలనంలో వేరే పేరుతో కనిపిస్తుంది. బాంజో సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు సొరబుర్రలతో చేసుకున్న వాద్యమే దానికి మూలం. 1920ల్లో రికార్డు కంపెనీలు అమ్మకాల కోసం నల్లవాళ్ళ పాటలకు ఒక కేటలాగు, తెల్లవాళ్ళ పాటలకు ఒక కేటలాగు వేశాయి. ఊళ్ళలో మాత్రం ఒకరి పాట ఒకరు వింటూనే ఉన్నారు, నేర్చుకుంటూనే ఉన్నారు.

చచ్చిపోయిన సంగీతమా? ఈ సినిమాలో 'ఓ డెత్' పాడిన రాల్ఫ్ స్టాన్లీ 1946 నుంచీ పాడుతూ వచ్చినవాడే. 2002లో ఆ పాటకి గ్రామీ వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు. ఆ ఏడాది ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ కూడా ఈ సినిమా పాటలకే దక్కింది, లక్షలమంది కొత్తగా విన్నారు, అది నిజం. కానీ వాళ్ళు రాకముందు కూడా ఆ పాటలు పాడేవాళ్ళున్నారు.

ఎవరి సొత్తూ కావన్న మాట కావాలనే చివరికి ఉంచాను. 'మ్యాన్ ఆఫ్ కాన్‌స్టంట్ సారో'ని కెంటకీకి చెందిన డిక్ బర్నెట్ అనే చూపులేని గాయకుడు 1913 ప్రాంతంలో తన చిన్న పాటల పుస్తకంలో అచ్చు వేయించాడు. 1928లో ఎమ్రీ ఆర్థర్, 1950లో స్టాన్లీ బ్రదర్స్ (ఆ రాల్ఫ్, ఆయన అన్న) దాన్ని రికార్డు చేశారు. ప్రతి చేతికీ ఒక పేరుంది.

ఇక సినిమా మొదట్లో వచ్చే 'పో లాజరస్'. 1959లో జానపద పాటలు సేకరించే అలాన్ లోమాక్స్ మిసిసిపీ జైలు క్యాంపుకి వెళ్ళి, కట్టెలు కొడుతున్న నల్లజాతి ఖైదీలు గొడ్డలి దెబ్బల లయకు పాడుతుంటే రికార్డు చేశాడు. ముందుండి పాడించింది జేమ్స్ కార్టర్. నలభై ఏళ్ళ తర్వాత ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోతుంటే, ఆ పేరు పట్టుకుని వెతగ్గా వెతగ్గా ఆయన షికాగోలో దొరికాడు. వయసు 70 దాటింది, ఆ పాట పాడిన సంగతే సరిగా గుర్తులేదు. 20,000 డాలర్ల చెక్కు చేతికిచ్చారు. ఎవరివీ కావని ఆ పోస్టు తేల్చేసిన ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట ఆయనదే.