ఫ్రైడ్ రైస్ గారికి, కూలర్ మూత తీసిన చేతులతో

మహారాజశ్రీ నైజీరియా ఫ్రైడ్ రైస్ గారికి,

లాగోస్ నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని మాత్రం శనివారం సాయంత్రం నాలుగున్నరకి కూలర్ (వండినవి వేడి పోకుండా ఉంచే పెద్ద మూతడబ్బా లెండి) మూత తీయగానే వాసన చెప్పింది.

పుట్టినరోజు పార్టీ కార్డు మీద మధ్యాహ్నం ఒంటిగంట అని వేశారు. లాగోస్‌లో ఆ ఒంటిగంట ఎన్నింటికి అవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా కాస్త ఓపిక పట్టలేకపోయారు. పక్క కూలర్‌లో జాలోఫ్ గారు, అదే టమాటా, మిరప గుజ్జులో ఉడికిన ఎర్రన్నం, లేరా? అదే బస్తా, అదే స్టాక్ (మాంసం ఉడికించిన నీళ్ళు), అదే పెరడు. ఆయన మా పులిహోర లాంటి మనిషి. పులుపూ నూనే పట్టించి కూర్చోబెడితే పొద్దు గుంకేదాకా చెక్కుచెదరడు. మీకేమో మర్యాదలు ఎక్కువ, నిలకడ తక్కువ.

మీకు నేనేం తక్కువ చేశానో చెప్పండి. ముందురోజు రాత్రి కరెంటు లేదు (అది వార్త కాదనుకోండి). 2023లో సబ్సిడీ ఎత్తేశాక అత్తరులా కొలిచి వాడుకుంటున్న పెట్రోలు జనరేటర్లో పోసి, ఆ వెలుతురులో కాంపౌండ్ ఆడవాళ్ళమంతా కూర్చుని క్యారెట్లు, గ్రీన్ బీన్స్ తరిగాం. జోస్ పీఠభూమి చల్లదనానికి పెరిగి, లారీలో దేశం సగం దాటి మైల్ 12 మార్కెట్‌కి దిగిన క్యారెట్ అది. ముక్క పెద్దదైతే మీ పరువు పోతుంది, చిన్నదైతే చిదిమిపోతుంది. మీకు లివర్ కూడా కావాలి. ఉడికించి, చల్లార్చి, తరిగి, మళ్ళీ వేయించాలి. అది ఏ జంతువుదో మా అత్తగారికి వీడియో కాల్‌లో చెప్పలేదు.

స్టాక్‌లో కర్రీ పౌడర్ వేసేటప్పుడు అందరూ నావైపే చూస్తారు, ఇండియా మనిషిని కదా అని. మా ఇంట్లో పోపులపెట్టెలో ఆ పొడే ఉండదని చెప్పి చూశాను. వినయం అనుకున్నారు.

పోనీ బియ్యం తక్కువ రకమా? ఉప్పుడు బియ్యం. మా కాకినాడ రేవులో పడమటి ఆఫ్రికా ఓడలకి ఎక్కించేది అదే. మావాళ్ళు పండిస్తారు, ఉప్పుడు చేస్తారు, మర పట్టిస్తారు, తినరు. తెలంగాణ ఉప్పుడు బియ్యం ఇక మాకొద్దని 2021లో కేంద్రం కూడా అంది. ఇక్కడేమో పక్క దేశం మీదుగా బియ్యం దొంగచాటుగా వస్తోందని 2019 ఆగస్టులో సరిహద్దులే మూసేశారు, ఏడాది దాటినా తెరవలేదు. ఇన్ని రాజకీయాలు దాటి గిన్నెలోకి చేరిన బియ్యానికి ఒక్క మధ్యాహ్నం దాటడం అంత కష్టమా అండీ?

వేపుడు సంగతి చెప్పనే లేదు. జాలోఫ్‌ని గుండిగలో పోసి మూత పెట్టి మన పని చూసుకోవచ్చు. కట్టెల పొయ్యి మీద కాస్త అడుగంటినా, పార్టీ జాలోఫ్ అంటే ఇదీ అని లొట్టలేస్తారు. మీరు అడుగంటకూడదు, ముద్ద కాకూడదు, బీన్స్ రంగు పోకూడదు. మూకుట్లో నూనె, ఉల్లిపాయ, కాసిని కూరగాయలు, లివర్, దానికి తగ్గ అన్నం. రెండు నిమిషాలు వేయించి దించాలి. మళ్ళీ నూనె, మళ్ళీ ఉల్లిపాయ. మూడొందల మందికి! అంతా ఒక్కసారే పడేస్తే కూరగాయల నీరు ఊరి అన్నం వేగదు, ఉడుకుతుంది. ఆ తడే తర్వాత కొంప ముంచుతుంది. అందుకే భుజాలు పడిపోయేదాకా విడతలు విడతలుగా వేయించి, వెడల్పాటి తట్టల్లో పలచగా పరిచి, ఆవిరి పోయేలా ఫ్యాన్ తిప్పాను.

అప్పుడు వచ్చారు ఇంటావిడ చెల్లెలుగారు. తలకి గెలె (పార్టీ తలగుడ్డ) ఇంకా చుట్టుకోలేదు గానీ పెత్తనం మాత్రం అప్పటికే చుట్టుకుని ఉన్నారు. తట్టలు చూసి, "అతిథులకి చల్లన్నం పెడతామా?" అని, పిల్లలచేత అంతా కూలర్‌లోకి ఎత్తించి మూత బిగించారు. "ఇంకాస్త ఆరనివ్వండి ఆంటీ" అన్నాను. "మై డియర్, పార్టీలు నాకు కొత్త కాదు" అన్నారు.

ఆ మూత కింద ఏం జరుగుతుందో చెప్పనా? బాసిల్లస్ సెరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. 60 డిగ్రీలు దాటి పొగలు కక్కుతుంటే కిమ్మనకుండా పడుంటాయి. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినా పెద్దగా అల్లరి చెయ్యవు. ఈ రెంటికీ మధ్య గోరువెచ్చగా, చెమ్మగా, మూత బిగించి పెట్టామనుకోండి, వాటికి పండగే. మా పార్టీ మొదలవలేదు గానీ వాటి పార్టీ కార్డు మీది టైముకే మొదలైంది.

ఈలోగా పార్టీకి పెద్దగా కూర్చోవాల్సిన ఛైర్మన్ గారు థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. పుట్టినరోజావిడ రెండో జత బట్టల్లోకి మారారు. పాస్టర్ గారి ప్రార్థన ఆవిడ చిన్నతనం నుంచి మొదలైంది. బ్యాండు వాళ్ళు పేరుపేరునా పొగడడం, పొగిడించుకున్నవాళ్ళు నోట్లు చల్లడం. నోట్లు అలా చల్లితే 2007 నాటి కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా జైలు, లేదా 50,000 నైరాలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. 2024లో ఒకరు జైలుకి కూడా వెళ్ళారు. నైరాని అవమానిస్తే జైలు ఉంది. వండిన అన్నాన్ని మూడున్నర గంటలు బిగించి కూర్చోబెట్టినవాళ్ళకి ఏ సెక్షనూ లేదు.

ఇక మూత తీశాం.

ఇందాకటి నుంచి మీరు, మీరు అంటున్నాను. చాలు. సిగ్గుందా నీకు? నీ కోసం రాత్రంతా మేలుకున్నాను, చెయ్యి కాల్చుకున్నాను. పుల్లటి వాసన, జిగురు, పాలిపోయిన బీన్స్, ఇదా నువ్విచ్చింది? వడ్డించే అమ్మాయి నీవైపు చూసి, నావైపు చూసి, గరిటె కింద పెట్టేసింది. మూత బిగించిందెవరో ఆ పెరట్లో ఒక్కరికీ గుర్తులేదు. వండిందెవరో మాత్రం అందరికీ గుర్తుంది. "ఇండియన్ మేడమ్ రైస్" అట! జాలోఫ్ కూడా నేనే కలిపానని ఒక్క నోరు పలకలేదు. అతిథులు జాలోఫ్, మొయిన్‌మొయిన్ (బొబ్బర్ల పిండి ఆవిరి మీద ఉడికించింది), వేయించిన అరటి ముక్కలు తిని, పుట్టినరోజావిడ బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ బకెట్లు పట్టుకుని వెళ్ళిపోయారు.

అసలు మంట ఇంకోటి ఉంది. కూలర్‌లో పట్టని చివరి వాయి పొద్దున్నే తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి గిన్నెలు తోముతున్న పిల్లలకి పొగలొచ్చేలా వేడిచేసి పెడితే, మెతుకుకి మెతుకు అంటకుండా, థైమ్ వాసనతో, బఠాణీలు పంటికింద పలుకుతూ... పాపిష్ఠిదానా, అంత బాగుండాలా? మూడొందల మంది తినాల్సిన రుచి నలుగురు పిల్లలు తిన్నారు.

డిసెంబరులో ఆ ఇంట్లోనే మరో పార్టీ. జాలోఫ్ ఒక్కటే చేద్దామంటే, ప్లేటులో సగం ఎర్రగా సగం పసుపుగా లేకపోతే ఊళ్ళో ఏమనుకుంటారని అప్పుడే దిగులు. సరే, వండుతాను. స్టాక్ కాచి ఉంచుతాను, కూరగాయలు తరిగి ఉంచుతాను. నీ బియ్యం పొయ్యెక్కేది మాత్రం ఛైర్మన్ కారు బ్రిడ్జి దిగిందని ఫోన్ వచ్చాకే. అప్పటిదాకా ఆకలేసినవాళ్ళు పఫ్‌పఫ్‌లు (నూనెలో వేయించిన తీపి పిండి ఉండలు) తింటారు. కూలర్‌లో ఐసు, కూల్‌డ్రింకులు పెట్టుకోమను. చెల్లెలుగారు మళ్ళీ వంటవైపు వస్తే చేతికి అట్లకాడ ఇచ్చి మూకుడు ముందు నిలబెడతాను.

ఇట్లు,
జాలోఫ్ పార్టీలో చేరడానికి దరఖాస్తు నింపుతున్న
మీ ఇండియన్ మేడమ్