మాంట్‌గోమరీకి గ్రాంటు ఎందుకు ఇవ్వకూడదు

అమెరికాలో జాతి సమానత్వం కోసం పాటుపడే నాయకత్వం ఎంత ఎదిగిందో తెలియాలంటే, వెనకటి తరం నాయకులను నేటి ఫౌండేషన్ల దరఖాస్తు ఫారం ముందు ఒకసారి కూర్చోబెట్టి చూడాలి. ఆ పని నేను చేశాను. 1955లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, నల్లవారిని బస్సుల్లో వెనక సీట్లకే పరిమితం చేయడాన్ని నిరసిస్తూ మొదలైన బస్సుల బహిష్కరణను ఈనాటి నిబంధనల ప్రకారం, ఏ పక్షపాతమూ లేకుండా, మూల్యాంకనం చేశాను. చెప్పడానికి విచారంగానే ఉంది గానీ, మార్కులు చాలలేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం తొందరపాటు. డిసెంబరు 1 సాయంత్రం, బస్సులో తెల్లవారికి తన సీటు ఇవ్వనన్న నల్లజాతి స్త్రీ రోసా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ రాత్రికి రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే ఇంగ్లీషు అధ్యాపకురాలు తాను పనిచేసే కళాశాలలోని మిమియోగ్రాఫ్ అనే నకళ్లు తీసే యంత్రం మీద వేలకొద్దీ కరపత్రాలు తీసి, తెల్లవారాక తన తరగతి తాను చెప్పి, వాటిని పంచడానికి బయలుదేరారు. డిసెంబరు 5 నాటికి నల్లవారు బస్సెక్కడం మానేశారు. సంప్రదింపులు ఏవి? అవసరాల మదింపు నివేదిక ఏది? నేటి సమర్థ నాయకులైతే ముందుగా ఒక కార్యాచరణ బృందాన్ని వేసి, ఆ బృందానికి ఏ పేరు పెట్టాలన్న దానిపై మూడు నెలలు చర్చించి, ఆ తరువాత ఒక హోటల్ హాలులో ‘లిజనింగ్ సెషన్’ జరిపి, బాధితుల అనుభవాలను పసుపుపచ్చ చీటీల మీద రాయించి గోడకు అంటించేవారు. రాత్రి ఆ చీటీలను గోడ మీదినుంచి ఊడబెరికి చెత్తసంచిలో వేసే నల్లజాతి కార్మికురాలిని మాత్రం ఆ సభకు పిలవలేరు. ఆమె షిఫ్టు సభ ముగిశాకే మొదలవుతుంది.

ఇక లెక్కల సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కొందరు స్త్రీలను కూడగట్టి, కేకులు, శాండ్‌విచ్‌లు చేసి అమ్మి, వచ్చిన డబ్బును ఉద్యమ సభల్లో అప్పగించేవారు. కార్లలో పెట్రోలు పోయడానికి ఆ డబ్బు పనికొచ్చేది. తెల్లవారి ఇళ్లల్లో పనిచేసే ఆ స్త్రీల పేర్లు బయటికి పొక్కితే పని పోతుంది కనుక, ఈ సొమ్ము ఎక్కడిదని ఎవరైనా అడిగితే ‘ఎక్కడిదీ కాదు’ అని నిజాయితీగా చెప్పడానికి వీలుగా, తమ సంఘానికి ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’ అని పేరు పెట్టుకున్నారు. ఎవరెంత ఇచ్చారో గిల్మోర్‌కు తప్ప మరొకరికి తెలియదు. ఏ ఆడిటరు దీనికి సంతకం పెడతాడు? పైగా 1956లో ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మీద నడిచిన కేసులో సాక్ష్యం చెప్పాక ఆమె ఉద్యోగం పోయింది, ఆమె తన ఇంటినే వంటశాలగా మార్చుకున్నారు. నాయకత్వ శిక్షణ పొందినట్లు మాత్రం ఎక్కడా ధ్రువపత్రం లేదు.

ధ్రువపత్రాల ఊసెత్తితే, దక్షిణ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌లో 1957లో ఓటు నమోదుకోసం పెద్దలకు చదువు నేర్పిన బెర్నిస్ రాబిన్సన్ జుట్టు తీర్చిదిద్దే వృత్తిలో ఉన్నారు. బడి నడిచింది ఒక దుకాణం వెనక గదిలో. ఆ దరఖాస్తును నేను పూర్తిగా చదవనే లేదు.

ఫలితాల పట్టిక మరీ నిరాశాజనకం. 381 రోజులు జనం నడిచారు, సొంత కార్లలో ఒకరినొకరు చేరవేసుకున్నారు, కార్లకు బీమా రద్దయితే లండన్ లాయిడ్స్ దాకా వెళ్లి తెచ్చుకున్నారు. తొలుత అడిగినదేమిటయ్యా అంటే, మర్యాదగా మాట్లాడాలని, ముందొచ్చినవారికి ముందు సీటని, నల్లవారు ఎక్కువగా ఎక్కే దారుల్లో నల్ల డ్రైవర్లను పెట్టాలని. ఇంత చిన్న కోరికలతో విజన్ స్టేట్‌మెంట్ ఎలా రాస్తారు? చివరికి బస్సుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు ఖాయపరచింది, 1956 డిసెంబరులో బస్సుల్లో ఇష్టమైన చోట కూర్చున్నారు. దాన్ని పవర్‌పాయింట్‌లో ఒక్క స్లైడుకన్నా ఎక్కువ సాగదీయలేం.

దీనితో పోలిస్తే మన కాలపు నాయకత్వం ఎంత సుకుమారంగా పనిచేస్తుందో గమనించండి. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపిన ఎనిమిది రోజులకు, జూన్ 2న, సోషల్ మీడియా అంతటా సంఘీభావానికి గుర్తుగా నల్ల చతురస్రాలు వెలిశాయి. ఎవరి కాళ్లూ బొబ్బలెక్కలేదు. ఆ తరువాత ఎన్నో కంపెనీల్లో, అన్ని జాతులవారికీ చోటు దక్కేలా చూడాల్సిన వైవిధ్య అధికారుల కుర్చీలు పుట్టాయి. 2025 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం తన వైవిధ్య కార్యక్రమాలను రద్దుచేస్తూ ఉత్తర్వులు ఇచ్చేసరికి, ‘సమానత్వం’ అన్న మాటను వెబ్‌సైట్‌లోంచి తీసి ‘కలుపుగోలుతనం’ అని రాసుకున్న సంస్థల సమయస్ఫూర్తి అపూర్వం. మాంట్‌గోమరీవారికి ఆ ఒడుపు తెలిసి ఉంటే, బోర్డు మార్చుకుని అదే బస్సులో వెనక సీట్లోనే హాయిగా వెళ్లేవారు.

ఏమైనా తిరస్కరణ లేఖ మర్యాదగానే రాశాను. ఫారంలో చివరి ప్రశ్న ఒకటుంది: ‘మా నిధులు ఆగిపోతే మీ కార్యక్రమం ఎలా కొనసాగుతుంది?’ గిల్మోర్ ఆ గడిని ఖాళీగా వదిలేశారు. కాగితం మూలన వెన్న మరక ఒకటి మాత్రం ఉంది.